హుంకారహారిణి: పీణ్య ఆటవెలదికి టీకా తాత్పర్యములు

అవతారిక. బెంగుళూరు నగరమునకు వాయవ్యముగా, తుమకూరు బాట నానుకొని, 1970ల చివరినాళ్లలో పారిశ్రామికవాడగా రూపుగొని, లేతు మిషన్లకును, వెల్డింగు సెట్లకును, పౌడరుకోటింగు షెడ్లకును, కుట్టుమిషన్ల బారులకును నిలయమై, చిన్నపరిశ్రమల పేటలలో ఆసియాఖండమునందే మిక్కిలి పెద్దవానిలో నొకటిగా పేరొందిన పీణ్యలో, ఒకానొక షెడ్డు మేడమీద, పగలు కొలువులు చేసికొని సాయంకాలము గిటారు సాధనచేయు యువకుల గదియందు, ఒక ఆంప్లిఫయరు వీపున టేపుతో అంటింపబడిన యొక అట్టముక్కమీద ఈ వ్యాఖ్యకు మూలమైన పద్యము కనబడినది. కవి పేరు లేదు. రబ్బరు ముద్ర సగము చెరిగినది. అట్ట కుడిమూలను సోల్డరింగు ఐరను తగిలి కమిలిన గోధుమరంగు మచ్చయును, దాని ప్రక్కనే గడ్డకట్టిన రోజనపు బొట్టును ఉండుటచేత కవి వృత్తియును, అరసున్నలు తప్పకుండ పడియుండుటచేత ఆయనకు బడిలో చదువు చెప్పిన తెలుగుపండితుని నిష్ఠయును ఊహింపదగియున్నవి. రాయలసీమనుండి బ్రదుకుతెరువు వెదకికొనుచు వచ్చి ఈ పేటలో స్థిరపడినవారు పెక్కండ్రు గలరు గావున కవి యా ప్రాంతమువాడై యుండునని మా తలంపు; కాదనువారితో వాదము పెట్టుకొనము.

కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మన మెదకుసీమ వాడేయని పెద్దలు చెప్పుదురు. మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ఆయన పెట్టుకొన్న నియమములో మొదటి సగమును మేమును పాటించెదము. రెండవ సగమును గూడ పాటించినచో తక్కిన వ్యాఖ్యాతల యిండ్లలో పొయ్యి రాజదు.

మూలము.

గుయ్యిమన్నయపుడు గుండె లదర నేల
తీగ మార్చి చూడు తిప్పి చూడు
భూమి ముల్లు కోయఁబోకు మాపై నింక
నాగకున్నఁ దెమ్ము నాదు కడకు

ప్రతిపదార్థము. గుయ్యిమన్నయపుడు = ఆంప్లిఫయరు గుయ్యిమని మ్రోసినప్పుడు; గుండెలు = హృదయములు; అదరన్ = కంపించుట; ఏల = ఎందులకు; తీగన్ = గిటారునకును ఆంప్లిఫయరునకును నడుమ నుండు కేబులును; మార్చి = వేఱొకటి తగిలించి; చూడు = పరీక్షింపుము; తిప్పి = దిక్కు మార్చి; చూడు = మరల పరీక్షింపుము; భూమి ముల్లు = త్రీపిన్ను ప్లగ్గులో లావుగాను పొడవుగాను ఉండు ఎర్తుపిన్నును; కోయఁబోకుము = కత్తిరింప తలపెట్టకుము; ఆపైన్ = అటుపిమ్మట; ఇంకన్ = ఇంకను; ఆగకున్నన్ = ఆ మ్రోత నిలువనియెడల; నాదు కడకున్ = నాయొద్దకు; తెమ్ము = తీసికొనిరమ్ము.

మొదటి పాదము. ఇది ప్రశ్నవలె కనబడుచున్నను ప్రశ్న గాదు, అభయప్రదానము. ఇచట పూర్వపక్షి లేచి, “అయ్యా, ఆంప్లిఫయరు గుయ్యియొక్కటియే చేయునా? స్స్ మనును, చిటపటలాడును, టిట్టిట్టిటిట్ మనును. వానిని విడిచిన కవి అవ్యాప్తిదోషమునకు పాలుగాడా?” యని యడుగవచ్చును. కాకులనుండి పెరుగును కాపాడుమన్న గృహస్థు పిల్లికి పాలివ్వుమని చెప్పినట్లు కాదు గదా! గుయ్యి యిచట ఉపలక్షణము. ఐనను, శబ్దభేదము నెఱుగక మందు వేయరాదు గావున కవి సంగ్రహించినదానిని మేము విస్తరించెదము.

స్స్ మను చప్పుడు ప్రకృతిసిద్ధము. ప్రతి రెసిస్టరునందును వేడిమిచేత ఎలక్ట్రానులు ఎడతెగక చలించుచుండుటవలన పుట్టు ఈ రొదను అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్సన్ కొలువగా, నైక్విస్టు దానికి గణితము కట్టెను. ఇరువురి పత్రములును 1928లో వెలువడినవి. గెయిను మీటను పదివఱకు త్రిప్పి, గిటారును ఒడిలో ఊరక పెట్టుకొని, స్స్ మనుచున్నదని వాపోవు యువకుడు మెకానిక్కు నొద్దకు పోనక్కరలేదు. మీటను ఐదునకు దించిన చాలును. చిటపట మాత్రము ఎక్కడనో అతుకు చెడినదనుటకు సాక్ష్యము. మీటను త్రిప్పినప్పుడే వినబడునేని దానిలోపల దుమ్ము చేరినదనియు, కాంటాక్టు క్లీనరు రెండు చిమ్ములు చిమ్మి అటునిటు పదిమార్లు త్రిప్పిన పోవుననియు తెలియవలయును. ఎవరును తాకకయే చిటపటలాడునేని లోపల సోల్డరింగు పట్టువిడిచినదో, రెసిస్టరు ముసలిదైనదో అయి యుండును. ఇక టిట్టిట్టిటిట్ మనునది ఆంప్లిఫయరు దోషమే కాదు. దానిపైన పెట్టిన సెల్లుఫోనుది. 2జీ ఫోను సెకనుకు 217 మార్లు ఉండియుండి తరంగములను విడుచుటచేత ఆ మెట్టుమెట్టు చప్పుడు పుట్టుచున్నది. ఫోనును జేబులో కాక వాకిట పెట్టిన తీఱును. ఈ యుగపు యువకునకు అంతకంటె కఠినమైన చికిత్స లేదని యెఱుగుదుము.

ఇప్పుడు అసలు గుయ్యి. అది రెండు తెఱగులు. మన దేశమున కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు గలది, అమెరికాలో 60. కావున మన గుయ్యి వారి గుయ్యికంటె మంద్రము, గంభీరము. కేబులునుండియో, ఎర్తునుండియో, ప్రక్కనున్న ట్రాన్స్‌ఫార్మరునుండియో దూరునది ఈ యాభైగుయ్యి. గిటారులో మిక్కిలి లావైన ఆరవ తీగ 82 ఆవృత్తులకు పైచిలుకు పలుకునది గావున యాభైగుయ్యి దానికంటెను క్రిందుగా వినబడును. రెండవది నూరుగుయ్యి. ఆంప్లిఫయరు లోపల కరెంటు డయోడ్లగుండ పోయి ఏకముఖమగునప్పుడు 50 కాస్తా 100 అగును; ఆ యెగుడుదిగుడులను చదునుచేయవలసిన ఫిల్టరు కెపాసిటర్లు ఎండిపోయినచో అది స్పీకరునుండి బయటపడును. ఈ రెండింటి భేదము నెఱుగుటకు గిటారే సాధనము. ఆరవ తీగను మూడవ మెట్టుమీద నొక్కి మీటిన 98 ఆవృత్తుల స్వరము పుట్టును. చెవి యొగ్గి వినినచో ఆ 98 ఈ 100తో కలిసి సెకనుకు రెండుమార్లు ఊగుచున్నట్లు స్పష్టముగ తెలియును. అట్లని ఈ పరీక్ష నొక్కదానినే నమ్మరాదు. ఏలయన, యాభైగుయ్యి లోపల నూరును కొంత దాగియే యుండును. వాల్యూమును సున్నకు దించి, గిటారును జాక్కునుండి పెరికివైచినను ఆ గుయ్యి రవ్వంతయు తగ్గనిచో దోషము లోపలిదని నిశ్చయింపవలయును. పెరికివేయగానే నిశ్శబ్దమైనచో రెండవ పాదమునకు పోవలయును.

రెండవ పాదము. తీగ మార్చి చూడు. అన్నిటికంటె ముందు కేబులునే ఏల చెప్పెననిన, అది అన్నిటికంటె చౌక, అన్నిటికంటె హింసకు గుఱియైనది. కాళ్లక్రింద నలిగి, కుర్చీకాలి క్రింద చిక్కి, సాధన ముగియగానే మోచేతికి బిగించి చుట్టబడి, ప్రతిసారియు ఒక్కచోటనే, అనగా జాక్కు మెడయొద్దనే వంగుటచేత, లోపలి తీగ బ్రతికియుండగనే దాని చుట్టునుండు వలవంటి కవచము తెగును. అప్పుడు పాట వినబడును, గుయ్యియు వినబడును. కవచము తెగినదని కంటికి తెలియదు. జాక్కు మెడను వ్రేళ్లతో పట్టి మెల్లగ వంచిచూచినప్పుడు గుయ్యి హెచ్చి తగ్గుచున్నచో ఇక సందేహము వలదు. మఱియొక ప్రమాదము గలదు. స్పీకరు కేబులునకు కవచముండదు. ఇరుకొనలయందును అదే జాక్కు ఉండును. చేతికందినది కదాయని దానిని గిటారునకు తగిలించినవారు గుయ్యితో పాటు తుమకూరు బాటమీది సమస్త విద్యుత్కల్లోలమును ఆహ్వానించినవారగుదురు.

తిప్పి చూడు. ఇచట వ్యాఖ్యాతలు మూడు మతములుగా చీలుదురు. ఏలయన “తిప్పి” యను క్రియకు కర్మను కవి చెప్పలేదు. టూపిన్ను ప్లగ్గును తలక్రిందుగా త్రిప్పి గుచ్చుమని యర్థమని ప్రాచీనులు. ఎర్తులేని పాత ఆంప్లిఫయర్లలో అట్లు చేసినచో గుయ్యి తగ్గుట కలదు గాని, ఆ కాలము పోయినది, పోవుటయు మేలే. మీటను త్రిప్పుమని యర్థమని నవీనులు. గిటారును పట్టుకొన్నవాడు తాను కూర్చున్నచోటనే మెల్లగ దిక్కు మార్చవలయునని సిద్ధాంతులు. మేమును వారి పక్షమే. గిటారు తీగల క్రింద అయస్కాంతముచుట్టు వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగ యుండును. దానికి పికప్పని పేరు. అది తీగ కంపనమును పట్టునట్లే చుట్టుపట్ల మోటార్లును ట్రాన్స్‌ఫార్మర్లును చిమ్ము అయస్కాంతక్షేత్రమును గూడ భేదము లేకుండ పట్టును. ఆ క్షేత్రమునకు దిక్కు గలదు. గిటారు ఒక దిక్కున గుయ్యిమనును, పాతికభాగము తిరిగినచో హఠాత్తుగ సద్దుమణుగును. అట్లు తిరిగినప్పుడు మ్రోత మాఱినచో అది పికప్పు దారిని వచ్చినదే. మాఱనిచో వేఱొక దారిని వచ్చినది. దీనికి శాశ్వతమైన ఉపాయమును గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అను ఇంజనీరు కనిపెట్టి 1955లో పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. 1957నుండి ఆ కంపెనీ గిటార్లలో అది కనబడినది. రెండు చుట్లను ఎదురెదురుగా చుట్టి, వాని అయస్కాంతముల ధ్రువములను గూడ తారుమారు చేసినచో, తీగ పలికినది రెండింటను కలిసి రెట్టింపగును, బయటినుండి వచ్చిన గుయ్యి ఒకదానిలోనిది మఱొకదానిని చంపుకొనును. హంబకరని దానికి పేరు.

మఱియొక చిన్న పరీక్ష. గిటారు తీగలమీద అరచేయి ఆనించినప్పుడు గుయ్యి తగ్గినచో అంతయు సవ్యమే, మనుష్యశరీరమే ఏరియలై గుయ్యిని మోసికొనివచ్చుచున్నదని యర్థము. చేయి ఆనించినను తగ్గనిచో గిటారులోపల తీగలకును ఎర్తునకును నడుమ నుండవలసిన చిన్నతీగ ఊడియుండవచ్చునని యర్థము.

పీణ్యయందు ఈ పాదమునకు విశేషార్థము గలదు. గోడకావల వెల్డింగుసెట్టు, గోడకీవల సాధనగది, మేడమీద ఎల్.ఇ.డి. దీపములు, క్రింద మోటారు వేగమును హెచ్చించి తగ్గించు డ్రైవు పెట్టె. ఆ పెట్టె కరెంటును సెకనుకు వేలమార్లు తునుకలు తునుకలుగ కోసి మోటారునకు ఇచ్చునది గావున, దాని చప్పుడు మంద్రమైన గుయ్యివలె గాక కీచుమని, మోటారు వేగముతో పాటు స్వరము మార్చుకొనుచు, ఒక్కొక్కప్పుడు సాధకునికంటె మెఱుగుగ గమకములు పలుకును. దీనికి పీణ్యవాసులు చేయు పరీక్ష గ్రంథములలో లేదు. షెడ్లు మూతపడు ఆదివారమునాడు ఆంప్లిఫయరును పెట్టి వినుట! ఆదివారము మౌనముగనుండి సోమవారము గుయ్యిమను ఆంప్లిఫయరునకు ఏ రోగమును లేదు. దానిని విప్పుట పాపము. కొందఱు ఈ నేరమును 2014నుండి పీణ్య స్టేషనుమీదుగ నడచుచున్న మెట్రోరైలుమీద మోపుదురు. మెట్రో మూడవపట్టాలో పాఱునది 750 వోల్టుల ఏకముఖవిద్యుత్తు. యాభైగుయ్యికి ప్రధానకారణము అది కాజాలదు. ప్రక్కషెడ్డు వెల్డరుతో తగవు పెట్టుకొనుటకు మొగమోటపడి దూరమున పోవు రైలును నిందించుట లోకమున సామాన్యము.

మూడవ పాదము. పద్యమునకు ప్రాణము ఇచటనే యున్నది. “ఎర్తుపిన్ను కోయ నేలరా” యని పాఠాంతరము గలదందురు. యతి చెడలేదు, నిజమే; కాని మొదటి పాదమున “ఏల” వచ్చియుండగా మరల “ఏల” యనుట పునరుక్తి; అంతకంటె ముఖ్యముగ, నిషేధమును ప్రశ్నగా మార్చినచో దాని పదును పోవును. ఏలరా యని యడిగినవానికి ఏలనో చెప్పగలవారు బహుళముగ నుందురు. అందుచేత “కోయఁబోకు” మను పాఠమే గ్రాహ్యము.

మీమాంసకుల మర్యాదనుబట్టి, ప్రసక్తి లేనిదానిని ఎవరును నిషేధింపరు. ఆకాశమును కోయవలదని ఎవడును చెప్పడు. కవి కోయవలదన్నాడనిన కోయువారు గలరన్నమాట. కోయుటకు వారికొక కారణము గలదన్నమాట. ఆ కారణమును దాచుట వ్యాఖ్యాతకు ధర్మము గాదు. ఎర్తుపిన్నును కోసినచో గుయ్యి పెక్కుసారులు నిజముగనే ఆగును! ఆంప్లిఫయరు ఒక గోడప్లగ్గునకును, మిక్సరో కంప్యూటరో ఎదుటిగోడ ప్లగ్గునకును తగిలింపబడి, రెండింటికిని నడుమ కేబులు గలిసినప్పుడు, ఎర్తునుండి ఎర్తునకు ఒక చుట్టు ఏర్పడును. రెండు ఎర్తులును పేరునకు ఒకటే యైనను వానినడుమ కొద్దిపాటి వోల్టేజి భేదము ఉండితీఱును; ఆ భేదము కేబులు కవచముగుండ పాఱి యాభైగుయ్యియై వినబడును. ఒక ముల్లును తెగగోసినచో చుట్టు తెగును, గుయ్యి ఆగును, యువకులు చప్పట్లు కొట్టుదురు. అంతవఱకు బాగుగనే యున్నది.

తరువాతి కథ వినుడు. గిటారు తీగలు కేబులు కవచముద్వారా ఆంప్లిఫయరు ఇనుపచట్రమునకును, చట్రము ఆ ముల్లుద్వారా భూమికిని కలిసియుండును. లోపల ఎప్పుడైన కరెంటుతీగ చట్రమునకు తగిలినచో ఆ కరెంటు ముల్లుదారిని భూమిలోనికి పోయి, ఫ్యూజు ఎగురును, మనిషి మిగులును. ముల్లు లేనిచో ఆ 230 వోల్టులును గిటారు తీగలమీదనే కాచుకొని కూర్చుండును. గిటారు చేతబట్టి, ఎర్తుగల మైకునకు పెదవి యానించిన గాయకుడు వానికి దారి యగును. ఎర్తు చెడుట మైకుపక్షమున నైనను ఫలము ఒక్కటే. స్టోన్ ది క్రోస్ అను మేళములో గిటారు వాయించు స్కాట్లండువాడు లెస్ హార్వే, 1972 మే 3వ తేదీన, వేల్సుదేశమున స్వాన్సీలో, వేదికమీదనే, ఎర్తు సరిగాలేని మైకును తాకి మరణించెను. మన త్రీపిన్నులో ఎర్తుముల్లు తక్కిన రెండింటికంటె పొడవుగ నుండుట అలంకారము గాదు. గుచ్చునప్పుడు అది ముందు తాకవలయును, పెరుకునప్పుడు అది చివర విడువవలయును అని ఉద్దేశము.

మఱి గుయ్యికి గతి యేమి? కోయవలసినది ముల్లును గాదు, చుట్టును. ఆంప్లిఫయరును, మిక్సరును, పెడళ్ల అడాప్టర్లును ఒక్కటే మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డునకు, ఒక్కటే గోడప్లగ్గునుండి ఇచ్చినచో సగము చుట్లు వానియంతట అవియే పోవును. పోనిచో లోపల ట్రాన్స్‌ఫార్మరు గల డీఐ పెట్టెను నడుమ పెట్టి, దానిమీది గ్రౌండులిఫ్టు మీటను నొక్కవలయును. అది పాటదారిలోని ఎర్తును మాత్రమే విడదీయును, ప్రాణము కాచు ఎర్తును ముట్టదు. అద్దెషెడ్లలో మఱియొక వైచిత్రి. గోడమీద మూడు రంధ్రములును ఉండును; పైరంధ్రము వెనుక తీగయే యుండదు. ఉన్నను అది ఎర్తుగుంటదాక పోదు. పోయినను, ఆ గుంటలో బొగ్గును ఉప్పును ఎన్నడో పోసినవారు మరల నీరు పోయుట మఱచినందున వేసవిలో అది ఒట్టి ఎండుమట్టి. అట్టిచోట కవియే స్వయముగ వచ్చి ఆంప్లిఫయరును విప్పినను గుయ్యి తగ్గదు.

నాలుగవ పాదము. ఇది కవి తన దుకాణమునకు చేసికొన్న ప్రకటనయని కొందఱు ఈసడింతురు. కాదు. వాల్వు ఆంప్లిఫయరు లోపల 300 వోల్టులు మొదలు 450 వఱకు, కొన్నిట అంతకంటె హెచ్చుగను ఉండును. ప్లగ్గు పెరికిన తరువాత గూడ కెపాసిటర్లు ఆ వోల్టేజిని పట్టుకొనియే యుండును. దానిని నిరపాయముగ దించుట నేర్చినవాడే మూత విప్పవలయును. “నాదు కడకు” అనుటలో ఉన్నది ఆ యధికారభేదమే గాని ధనాశ గాదు, లేక ధనాశతోపాటు అదియు నున్నది. దుకాణమునకు పోయిన పిమ్మట ఆయన చేయు మొదటి పని చూడదగినది. ఆంప్లిఫయరును పలికించుచునే, వెనుకనుండి ఒక పెన్సిలు చెక్కకొనతో ఒక్కొక్క వాల్వును మెల్లగ తట్టును. ఒకదానిని తట్టగనే స్పీకరులో టంగుమని గంటవలె పలికినచో అదే దోషి. పీణ్య ప్రక్కనే జాలహళ్లిలో నున్న భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961లో ఫిలిప్స్ వారి సహకారముతో రేడియోవాల్వులు తయారుచేయ నారంభించిరి; ఆ వాల్వులు ఇప్పటికిని ఏ పాతడబ్బాలోనో దొరికి, కొని దాచుకొనువారికి పండుగయగుచున్నవి. ఊరివాల్వు ఊరి ఆంప్లిఫయరులో పలుకుట మాకు సంతోషము. ఇంతకంటె ఈ పాదమున చెప్పవలసినది లేదు.

తాత్పర్యము. ఆంప్లిఫయరు మ్రోసినంతనే బెదరి దానిని విప్పవలదు; ముందు కేబులును మార్చి, పిదప గిటారు దిక్కును మార్చి వినవలయును; ఎర్తుపిన్నును ఎట్టి పరిస్థితియందును కోయరాదు; పిమ్మటనే మెకానిక్కు నొద్దకు పోవలయును. బయటనుండి లోపలికిని, రూపాయలలో చౌకనుండి ప్రియమునకును, నిరపాయమునుండి అపాయమునకును పోవు ఈ క్రమమే పద్యమున గుణము. ఆటవెలది నడకయందు ఇంత పని ఇమిడించిన కవికి అలంకారములు తోపలేదనుట తప్పు, చోటు చాలలేదు.

ఇక చదువరులకు మనవి. మీలో సాధనగదులు అద్దెకిచ్చువారు ఎవరైన నున్నయెడల, గోడలకు నురుగుపలకలు అతికించుటకు ముందు ఎర్తుగుంటలో రెండు బిందెల నీరు పోయించి, లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేత ఆ ఎర్తును కొలిపింపుడు; ప్రతి ప్లగ్గుపాయింటు వెనుకను పచ్చతీగ నిజముగ ఉన్నదో లేదో మూత విప్పించి మీ కన్నులతో చూడుడు.